పాట మూసి మళ్లీ తెరవడం: లినక్స్ ఆడియోలో సెషన్ మేనేజర్ల ఎంపిక, ప్యాకేజింగ్

లినక్స్ మీద పాట కట్టే మనిషి కంప్యూటర్‌లో నడిచేది ఒక ప్రోగ్రాం కాదు, అయిదారు. డ్రమ్స్ హైడ్రోజన్ వాయిస్తుంది. తంబురా శ్రుతి, పియానో లాంటి శాంపిళ్లు ఫ్లూయిడ్‌సింత్ నుంచి వస్తాయి. సింథ్ స్వరాలకు జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్, గిటార్‌కు గిటారిక్స్, అన్నిటినీ పోగేసి రికార్డు చేయడానికి ఆర్డోర్. వీటి మధ్య ధ్వనినీ మిడి సందేశాలనీ మోసేది జాక్. అంతా కుదిరి పాట ఒక రూపానికి వచ్చాక కంప్యూటర్ ఆపేయాలి. అసలు తంటా అక్కడే మొదలు. ఏ ప్రోగ్రాంకు ఆ ప్రోగ్రాంలో సేవ్ నొక్కాలి. ఏ ఫైల్ ఏ పాటదో గుర్తుంచుకోవాలి. హైడ్రోజన్ ఎడమ చానల్‌ను ఆర్డోర్‌లో ఏ ట్రాక్‌కు తగిలించారో రాసిపెట్టుకోవాలి. మర్నాడు తెరిచినప్పుడు ఒక్క తీగ తప్పినా నిన్నటి పాట వినిపించదు.

ఈ పనంతా ఒక్క మీటతో చేసిపెట్టడానికి పుట్టినవే సెషన్ మేనేజర్లు. ప్రోగ్రాంలను తెరవడం, ఒక్కోదానికి దాని ఫైల్ అందించడం, వాటి మధ్య కనెక్షన్లు తిరిగి కలపడం, సేవ్ అనగానే అందరికీ ఒకేసారి కబురు పంపడం. ఉద్యోగం ఇంతే. ఇంత చిన్న ఉద్యోగానికి ఇరవై ఏళ్లలో అరడజను మంది అభ్యర్థులు వచ్చారు, సగం మంది వెళ్లిపోయారు. ఒక డిస్ట్రిబ్యూషన్‌లో దేన్ని పెట్టాలి, ఎలా ప్యాకేజీ చేయాలి అని అడిగేవాళ్లు ముందు ఆ రాకపోకలు చూడాలి. చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. మేనేజర్ ఎంత బాగుందన్నది రెండో ప్రశ్న. దాని మాట ఎన్ని ప్రోగ్రాంలు వింటాయన్నదే మొదటి ప్రశ్న.

ఇది లినక్స్‌కే ఎందుకు పట్టిన బెడద? విండోస్, మ్యాక్ వైపు 1996లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ అనే ప్లగిన్ పద్ధతి తెచ్చింది. అప్పటినుంచి అక్కడి పద్ధతి ఒకే పెద్ద డీఏడబ్ల్యూ (రికార్డింగ్ నుంచి మిక్సింగ్ దాకా అన్నీ చేసే ప్రోగ్రాం), దాని కడుపులో ప్లగిన్లు. ప్రాజెక్టు ఫైల్ ఒకటే కాబట్టి సేవ్ కూడా ఒకటే. విడివిడి ప్రోగ్రాంలను కలిపే ప్రయత్నం అక్కడా లేకపోలేదు. 1998లో వచ్చిన రీవైర్ అలాంటిదే, కానీ 2020లో దాన్ని ఆపేశారు. లినక్స్‌లో దారి వేరు. పాల్ డేవిస్ ఆర్డోర్ రాస్తూ దాని ఆడియో ఇంజిన్‌లోంచి జాక్‌ను బయటికి తీశాడు. ఏ ప్రోగ్రాం అయినా ఏ ప్రోగ్రాంకైనా తగిలించుకోవచ్చు అన్నది జాక్ ఇచ్చిన వరం. తగిలించినవన్నీ మర్నాటికి గుర్తుండవు అన్నది దానితో వచ్చిన శాపం.

డెస్క్‌టాప్ సెషన్ కోసం అప్పటికే ఒక ఏర్పాటు ఉంది. 1994 నాటి ఎక్స్11 ఆర్6తో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎంపీ లాగౌట్ చేసి తిరిగి వచ్చినప్పుడు కిటికీలను తిరిగి తెరవడానికి ఉద్దేశించింది. సంగీతానికి అది సరిపోలేదు. అది లాగిన్‌కు కట్టుబడి ఉంటుంది, పాటకు కాదు. ఒకే మనిషికి పదిహేను పాటలుంటాయి, ఒక్కో పాటకు హైడ్రోజన్‌లో ఒక్కో ఫైల్. పైగా జాక్ పోర్టులంటే ఏమిటో దానికి తెలియదు.

మొదట వచ్చింది బాబ్ హ్యామ్ రాసిన లాడ్కా, తరవాత దాని పేరు లాష్ అయింది. ఒక సర్వర్, ఒక లైబ్రరీ. ప్రతి ప్రోగ్రాం ఆ లైబ్రరీకి లింక్ కావాలి, సర్వర్ అడిగినప్పుడు తన స్థితిని ఇవ్వాలి. ఆలోచన సరైనదే. కానీ ప్రోగ్రాం రాసేవాడికి దీనివల్ల వెంటనే ఒరిగేదేమీ లేదు. వాడేవాళ్లు లేరు కాబట్టి రాసేవాళ్లు రాయలేదు, రాసిన ప్రోగ్రాంలు లేవు కాబట్టి వాడేవాళ్లు వాడలేదు. కొన్ని ప్రోగ్రాంలు మాత్రం నమ్మి లాష్‌ను చేర్చుకున్నాయి. ఫ్లూయిడ్‌సింత్ బిల్డ్ ఐచ్ఛికాల్లో ఆ పేరు చాలాకాలం కనిపించింది. ప్యాకేజీ చేసేవాళ్లకు ఇదో తలనొప్పి: ఎవరూ నడపని సర్వర్ కోసం పదుల ప్యాకేజీలు ఒక లైబ్రరీని మోయాల్సి వచ్చింది.

నెడ్కో అర్నావుడోవ్ రాసిన లాడిష్ ఆ పాఠం నేర్చుకుంది. లైబ్రరీకి లింక్ కాని ప్రోగ్రాంలనూ పట్టించుకోవాలన్నది దాని తెలివి. అందుకే అంచెలు పెట్టింది. సున్నా అంచెలో ప్రోగ్రాం ఏమీ చేయనక్కర్లేదు, లాడిష్ దాన్ని తెరిచి తీగలు కలుపుతుంది, లోపలి స్థితి సంగతి దానిది. ఒకటో అంచెలో సేవ్ చేయమని యునిక్స్ సిగ్నల్ వెళుతుంది, ప్రోగ్రాం దాన్ని అందుకుని తన ఫైల్ రాసుకుంటుంది. ఒక సిగ్నల్‌కు స్పందించడమంటే రాసేవాడికి పది వరుసల పని, కొత్త లైబ్రరీ అక్కర్లేదు. పాత లాష్ ప్రోగ్రాంలు పడిపోకుండా ఒక అనుకూల లైబ్రరీ కూడా ఇచ్చారు. స్టూడియో, గదులు అన్న దాని విభజన ఇప్పటికీ నాకు నచ్చుతుంది. కానీ లాడిష్ డీబస్‌తో నడిచే జాక్ మీద ఆధారపడింది, అప్పట్లో ఆ రకం జాక్‌ను అందరూ వాడేవారు కాదు. కేఎక్స్‌స్టూడియో వాళ్ల క్లాడియా అనే ముఖం దాన్ని కొంతకాలం జనంలో నిలబెట్టింది. ఇవాళ కొత్తగా ఒక డిస్ట్రిబ్యూషన్‌లో లాడిష్‌ను చేర్చమని నేనైతే చెప్పను.

మధ్యలో జాక్ తనే ముందుకొచ్చింది. టార్బెన్ హోన్ రాసిన జాక్ సెషన్ అనే భాగం జాక్ లైబ్రరీలోనే చేరింది. ఎలాగూ అందరూ జాక్‌కు లింక్ అవుతున్నారు కదా, సెషన్ సంగతులు కూడా అక్కడే ఉంటే వేరే లైబ్రరీ గొడవ ఉండదన్నది వాదన. వినడానికి తిరుగులేని వాదన. పద్ధతి ఇది: సేవ్ అన్న సంకేతం వచ్చినప్పుడు ప్రోగ్రాంకు ఒక డైరెక్టరీ, ఒక గుర్తింపు సంఖ్య అందుతాయి. ప్రోగ్రాం తన స్థితిని అక్కడ రాసి, తనను మళ్లీ ఎలా తెరవాలో చెప్పే కమాండ్‌ను తిరిగి ఇస్తుంది. చిక్కు ఏమిటంటే, ధ్వని మోసే వ్యవస్థకు, ఫైళ్లు దాచే వ్యవస్థకు ముడి పడిపోయింది. జాక్ అక్కర్లేని ఒక చిన్న సాధనం, ఉదాహరణకు పాట సాహిత్యం చూపించే టెక్స్ట్ ఎడిటర్, సెషన్‌లో భాగం కావాలంటే దారిలేదు. నడుస్తున్న ప్రోగ్రాంను మూయకుండా వేరే పాటకు మార్చడం కూడా అందులో లేదు. 2020లో వచ్చిన జాక్2 వెర్షన్ 1.9.15 ఈ ఏపీఐని అధికారికంగా పక్కనపెట్టి, ఎన్‌ఎస్‌ఎం వైపు చూడమంది. సొంత ఇంట్లో పుట్టిన బిడ్డను పక్కనపెట్టి పొరుగింటి బిడ్డను చూపించడం సాఫ్ట్‌వేర్‌లో తరచుగా జరగదు. ప్యాకేజీ చేసేవాళ్లకు ఇంతకంటే స్పష్టమైన సూచన ఉండదు.

ఆ ఎన్‌ఎస్‌ఎం ఎక్కడిది? జొనాథన్ మూర్ లైల్స్ రాసిన నాన్ అనే సంగీత ప్రోగ్రాంల కుటుంబంలో టైమ్‌లైన్, మిక్సర్, సీక్వెన్సర్ విడివిడిగా ఉండేవి. విడివిడిగా ఉన్నవాటిని కలపడానికి నాన్ సెషన్ మేనేజర్ పుట్టింది. లాష్ చేసిన పొరపాటు, జాక్ సెషన్ చేసిన పొరపాటు రెండూ ఇందులో లేవు. ఇందులో లింక్ కావలసిన లైబ్రరీ లేదు, జాక్‌తో ముడి లేదు. మాటలన్నీ ఓపెన్ సౌండ్ కంట్రోల్ (ఓఎస్‌సీ) సందేశాలుగా నడుస్తాయి. అది 1997లో బర్క్‌లీలోని క్నమాట్ పరిశోధన కేంద్రంలో మ్యాట్ రైట్, ఏడ్రియన్ ఫ్రీడ్ రూపొందించిన పద్ధతి, ఆడియో ప్రోగ్రాంలు రాసేవాళ్లకు అప్పటికే చేతికి అలవాటైంది. ప్రోగ్రాంను తెరిచేటప్పుడు డీమన్, అంటే వెనక నడిచే మేనేజర్ సర్వర్, ఒక పర్యావరణ చరరాశిలో తన చిరునామా పెడుతుంది. ప్రోగ్రాం ఆ చిరునామాకు నేనొచ్చానని ప్రకటన పంపుతుంది. డీమన్ తిరిగి ఒక దారి పంపుతుంది: నీ ఫైల్ ఇదిగో, దీన్ని తెరువు, లేకపోతే సృష్టించు. సేవ్ అంటే సేవ్ చెయ్యి. అంతకుమించి కబుర్లు లేవు.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది, చాలామంది వాడుకరులకు మొదట కోపం తెప్పించేది అదే. ఎన్‌ఎస్‌ఎం కింద నడుస్తున్న ప్రోగ్రాంలో ఓపెన్, సేవ్ యాజ్ లాంటి మెనూలు మామూలుగా పనిచేయకూడదు. ఫైల్ ఎక్కడుండాలో నిర్ణయించేది ప్రోగ్రాం కాదు, సెషన్. నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో అత్యంత తెలివైన నిర్ణయం ఇదే. పాటకు సంబంధించిన ప్రతిదీ ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని వేరే డిస్క్‌కు కాపీ చేస్తే పాట మొత్తం వెళుతుంది. ఆ ఫోల్డర్‌లోని సెషన్ ఫైల్ మామూలు టెక్స్ట్, ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో వరుస: పేరు, కమాండ్, గుర్తింపు అక్షరాలు, మధ్యలో రెండు చుక్కలు. ఏదో ఒక ప్రోగ్రాం పాడై సెషన్ తెరుచుకోకపోతే, ఎడిటర్‌లో ఆ ఒక్క వరుస తీసేసి మిగతాది బతికించుకోవచ్చు. సెషన్ మేనేజర్‌ను ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. మేనేజర్ చచ్చిపోయినా నా పాట చేత్తో తెరవగలనా?

తీగల సంగతి డీమన్ చూసుకోదు. దానికి జాక్‌ప్యాచ్ అని ఒక చిన్న ప్రోగ్రాం, అదీ మిగతా వాటిలాగే సెషన్‌లో ఒక సభ్యుడు. ఈ భాష తెలియని ప్రోగ్రాంలకు ఒక ప్రాక్సీ ఉంది. ఏ కమాండ్ నడపాలి, సేవ్ కోసం ఏ సిగ్నల్ పంపాలి, ఏ ఫైల్‌ను వాడాలి అని దానికి చెప్పి ఆ ప్రోగ్రాంను దాని చాటున పెట్టవచ్చు. అంటే లాడిష్ మొదటి అంచెల ఆలోచన ఇక్కడ వేరే రూపంలో బతికింది.

తరవాత మూల ప్రాజెక్టుకూ దాన్ని వాడే సముదాయానికీ దారులు వేరయ్యాయి. 2020లో న్యూ సెషన్ మేనేజర్ పేరుతో ఫోర్క్ వచ్చింది. దాన్ని నడిపించినవారిలో నిల్స్ హిల్‌బ్రిష్ట్ ముఖ్యుడు. ప్రోటోకాల్ మారలేదు, పాత ప్రోగ్రాంలన్నీ అలాగే పనిచేశాయి. మారింది చుట్టూ ఉన్న పని: మెసాన్‌తో బిల్డ్, నాన్ కుటుంబం నుంచి విడిపోయిన స్వతంత్ర ప్యాకేజీ, సాధారణ ఎఫ్‌ఎల్‌టీకే మీద పాత ముఖం, సెషన్లు హోమ్ డైరెక్టరీ మొదట్లో కాకుండా దాని లోపలి లోకల్ షేర్ ఫోల్డర్‌లోకి చేరడం. అంతకుముందు నాన్‌ను ప్యాకేజీ చేయాలంటే ఎన్‌టీకే అనే దాని సొంత టూల్‌కిట్‌నూ మోయాల్సి వచ్చేది. ఫోర్క్ ఆ బరువు దించింది. నిల్స్ రాసిన అగోర్దెహో ఇదే డీమన్‌కు మరింత అందమైన ముఖం.

రేసెషన్ వేరే రకం. పైథాన్‌లో, క్యూటీ ముఖంతో రాసిన ఈ ప్రోగ్రాం ఎన్‌ఎస్‌ఎం భాషే మాట్లాడుతుంది, కానీ డీమన్ దాని సొంతం. పాత ఎన్‌ఎస్‌ఎం సెషన్లను తెరవగలదు. దాని పట్టికలో చేరిన సౌకర్యాలు చూస్తే వాడుకరుల మొర విన్నట్టు కనిపిస్తుంది: ప్రతి సేవ్‌కూ గిట్ సాయంతో స్నాప్‌షాట్, వెనక్కి వెళ్లే వీలు, ఎన్‌ఎస్‌ఎం రాని ప్రోగ్రాంలకు లోపలే ప్రాక్సీ, టెంప్లేట్లు, తీగలు చూపే ప్యాచ్‌బే. మొదటిసారి వచ్చినవాళ్లకు నేను రేసెషన్‌నే చూపిస్తాను. వేదిక మీద, తెర లేని చిన్న రాస్‌బెర్రీ పై మీద నడపాలనుకునేవాళ్లకు మాత్రం న్యూ సెషన్ మేనేజర్ డీమన్ చాలు. సీ ప్లస్ ప్లస్‌లో రాసినది, చిన్నది, ఓఎస్‌సీ సందేశాలు పంపి నడపవచ్చు.

వీటన్నిటి అవతల సెషన్ మేనేజరే అక్కర్లేదనే పక్షం ఒకటుంది. దాన్ని తేలిగ్గా తీసేయలేం. ఆర్డోర్‌లో గానీ రుయి నూనో కపేలా రాసిన క్యూట్రాక్టర్‌లో గానీ అన్నీ ఎల్‌వీ2 ప్లగిన్లుగా పెట్టుకుంటే ఒక్క ఫైల్, ఒక్క సేవ్. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్ కూడా ప్లగిన్‌గా దొరుకుతుంది. ఫిలిపే కొయెల్యో రాసిన కార్లా అయితే ప్లగిన్లతోపాటు తీగలనూ ఒకే ప్రాజెక్టులో దాస్తుంది. మరికొందరు చిన్న షెల్ స్క్రిప్ట్‌తో నాలుగు ప్రోగ్రాంలు తెరిచి, ఏజే స్నాప్‌షాట్‌తో తీగలు కలుపుకుంటారు. ఆ సాధనం ఆల్సా, జాక్ కనెక్షన్లను ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌లో రాసి తిరిగి పెడుతుంది. ఒకే పాట శైలి, ఎప్పుడూ అవే నాలుగు ప్రోగ్రాంలు అయితే ఈ పద్ధతి నిక్షేపంగా నడుస్తుంది. గొంతు రికార్డు చేసి, రెండు వాద్యాలు కలిపి ముగించేవాళ్లకు సెషన్ మేనేజర్ నేర్పడం అనవసరపు బరువు. సెషన్ మేనేజర్ నిజంగా అక్కరకొచ్చేది ప్రోగ్రాంలు పాటపాటకూ మారేవాళ్లకు. అలాంటివాళ్లు తక్కువే, కానీ లినక్స్ ఆడియోలో కొత్త ప్రయోగాలు చేసేది ఎక్కువగా వాళ్లే.

ఇక ప్యాకేజింగ్. ఉదాహరణకు డెబియన్‌ను తీసుకుంటాను, ఎందుకంటే ఉబుంటు స్టూడియో, ఏవీ లినక్స్ లాంటివి చివరికి దాని మీదే నిలబడ్డాయి. కొత్త ప్యాకేజీ తలపెట్టినవాళ్లు ముందు తలపెట్టామని బగ్ రూపంలో ప్రకటించాలి, లేకపోతే ఇద్దరు ఒకే పని మొదలుపెడతారు. మల్టీమీడియా బృందం గిట్ భాండారాలు డెబియన్ సొంత సర్వర్ సల్సాలో ఉంటాయి. అప్‌లోడ్ హక్కు లేనివారికి ఒక స్పాన్సర్ దొరకాలి. ఆ తరవాత కొత్త ప్యాకేజీల వరుసలో ఎఫ్‌టీపీ మాస్టర్లు ప్రతి ఫైల్ లైసెన్సు చూస్తారు. న్యూ సెషన్ మేనేజర్ లాంటి ఫోర్క్‌లో ఇది పైపై పని కాదు. పాత రచయిత కాపీరైట్, కొత్తవారి కాపీరైట్, ప్రోటోకాల్ పత్రాల లైసెన్సు విడివిడిగా రాయాలి. ప్యాకేజీ తిరిగొచ్చేది ఎక్కువగా కోడ్ బిల్డ్ కాకపోవడం వల్ల కాదు, ఆ కాపీరైట్ ఫైల్‌లో ఒక వరుస తప్పిపోవడం వల్ల.

తరవాతి చిక్కు పేర్లది. నాన్ డీమన్, దాని ఫోర్క్ డీమన్ రెండింటి ఎక్జిక్యూటబుల్ పేరు ఒకటే, ఎన్‌ఎస్‌ఎండీ. జాక్‌ప్యాచ్ కూడా రెండింటిలో ఉంది. ఒకే దారిలో రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో ఫైల్ పెట్టలేవు. దీనికి ఆల్టర్నేటివ్స్ వ్యవస్థ వాడుదామనే సలహా వినిపిస్తుంది. నాకు అది నచ్చదు. ఒకే డీమన్ రెండు రూపాలు ఒక యంత్రంలో పక్కపక్కన ఉండి ఎవరికీ లాభం లేదు. బగ్ ఎక్కడిదో తెలియక ఇబ్బంది మాత్రం ఉంటుంది. రెండూ కలిసి ఉండలేవని నిక్కచ్చిగా ప్రకటించి, ఫోర్క్‌ను ముందుకు పెట్టడం మేలు.

డీమన్‌నూ ముఖాన్నీ విడదీయాలా? డెబియన్‌లో అతి చిన్న ప్యాకేజీలంటే అయిష్టం ఉంది, ప్రతి ప్యాకేజీ అందరి సూచికలోనూ ఒక వరుస పెంచుతుంది కాబట్టి. అయినా ఇక్కడ విడదీయడమే న్యాయం. అగోర్దెహో వాడేవారికి పాత ఎఫ్‌ఎల్‌టీకే ముఖం ఎందుకు? తెర లేని యంత్రంలో ఏ ముఖమూ ఎందుకు? రేసెషన్‌కు సొంత డీమన్ ఉంది కనుక దాన్ని న్యూ సెషన్ మేనేజర్ మీద ఆధారపెట్టడం అసలే తప్పు. గిట్ స్నాప్‌షాట్ కోసం, కిటికీల స్థానం గుర్తుపెట్టుకునే డబ్ల్యూఎంసీటీఆర్‌ఎల్ కోసం తప్పనిసరి ఆధారం పెట్టకూడదు. గిట్‌ను సిఫారసు స్థాయిలో పెడితే చాలు, ఏపీటీ సిఫారసులను మామూలుగా ఎక్కించేస్తుంది కాబట్టి కొత్తవారికి అన్నీ దొరుకుతాయి, వద్దనుకున్నవారు తీసేసుకోవచ్చు.

రేసెషన్‌కు అసలు ఇబ్బంది పైథాన్. ఓఎస్‌సీ కోసం అది వాడిన పైలిబ్లో పాతబడి, కొత్త పైథాన్ వెర్షన్లతో కంపైల్ కాక, పైలిబ్లో3 అనే ఫోర్క్‌కు మారాల్సి వచ్చింది. క్యూటీ5 నుంచి క్యూటీ6కు మారడం ఇంకొకటి. డీమన్ ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది, పైథాన్ ముఖం మాత్రం ప్రతి రెండేళ్లకూ కదులుతుంది. స్థిర విడుదలల్లో నిలబెట్టదలచినవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అయితే ఇవన్నీ చేసి మేనేజర్ ప్యాకేజీ అద్దంలా పెట్టినా ఒక పెద్ద పని మిగులుతుంది. అది మేనేజర్‌లో లేదు, మిగతా ప్రోగ్రాంల ప్యాకేజీల్లో ఉంది. హైడ్రోజన్‌ను ఓఎస్‌సీ ఐచ్ఛికం లేకుండా బిల్డ్ చేస్తే ఎన్‌ఎస్‌ఎం కూడా పోతుంది. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్‌ఎక్స్‌కు ఓఎస్‌సీ లైబ్రరీ అయిన లిబ్లో అందకపోతే అదే గతి. అప్పుడు వాడుకరి సెషన్ తెరుస్తాడు, హైడ్రోజన్ తెరుచుకుంటుంది, కానీ ఖాళీగా. తప్పు మేనేజర్‌దని అనుకుంటాడు. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే బిల్డ్ పచ్చగానే వెళుతుంది, ఏ హెచ్చరికా రాదు. డెస్క్‌టాప్ ఫైల్‌లో ఈ ప్రోగ్రాంకు ఎన్‌ఎస్‌ఎం వచ్చని చెప్పే వరుసలు కూడా ఉన్నాయి, వాటిని చూసే అగోర్దెహో తన జాబితా తయారుచేస్తుంది. మూల ప్రాజెక్టు ఆ వరుస పెట్టకపోతే ప్యాకేజీలో చిన్న ప్యాచ్ పెట్టి, దాన్ని మూలానికి పంపడం మంచిది. నన్ను అడిగితే డిస్ట్రిబ్యూషన్‌లో సెషన్ మేనేజర్ బాధ్యత తీసుకున్నవారి పనిలో మూడొంతులు ఈ పక్క ప్యాకేజీలే. చనిపోయిన లాష్ ఐచ్ఛికాలను బిల్డ్‌లోంచి తీయడం, బతికున్న ఓఎస్‌సీ ఐచ్ఛికాలను పెట్టడం.

క్లయింట్ ప్యాకేజీలకు మేనేజర్ మీద ఆధారం అక్కర్లేదన్నది ఈ ప్రోటోకాల్ ఇచ్చిన సుఖం. పర్యావరణంలో చిరునామా ఉంటే మాట్లాడతాయి, లేకపోతే మామూలుగా నడుస్తాయి. రాసేవాళ్ల కోసం ఒకే ఒక హెడర్ ఫైల్ దొరుకుతుంది, దాన్ని తమ కోడ్‌లో కలిపేసుకుంటారు. లాష్ రోజుల్లో ఒక లైబ్రరీ పేరు మారితే ఇరవై ప్యాకేజీలు తిరిగి బిల్డ్ చేయాల్సి వచ్చే పరిస్థితితో పోల్చి చూడండి.

రియల్‌టైమ్ అనుమతుల గురించి కొద్దిగా. 48,000 నమూనాల రేటులో 128 ఫ్రేముల బఫర్, రెండు పీరియడ్లు పెడితే ఆలస్యం సుమారు 5.3 మిల్లీసెకన్లు. ఆ వేగం అందాలంటే ధ్వని థ్రెడ్లకు రియల్‌టైమ్ ప్రాధాన్యం కావాలి. డెబియన్‌లో జాక్ ప్యాకేజీ అనుమతి అడిగి, ఆడియో సమూహానికి ఆ హద్దులు పెట్టే ఫైల్‌ను అమరుస్తుంది. వాడుకరి ఆ సమూహంలో ఉండాలి. సెషన్ డీమన్‌కు మాత్రం ఈ ప్రాధాన్యం ఏమీ అక్కర్లేదు. దాని ప్యాకేజీ ఈ ఫైళ్ల జోలికి వెళ్లనే కూడదు.

పైప్‌వైర్ వచ్చాక ఆట కొంచెం మారింది. రెడ్ హ్యాట్‌లో విమ్ టేమన్స్ మొదలుపెట్టిన ఇది 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34తో మామూలు ధ్వని వ్యవస్థ అయింది. జాక్ లైబ్రరీ స్థానంలో తన లైబ్రరీ పెట్టి, జాక్ ప్రోగ్రాంలను మార్పు లేకుండా నడుపుతుంది. ఫెడోరాలో అది ప్యాకేజీ స్థాయిలోనే జాక్ స్థానం తీసుకుంది. డెబియన్‌లో వాడుకరి ఒక కాన్ఫిగరేషన్ ఫైల్‌ను తానే సరైన చోట పెడితే తప్ప ఆ మార్పు జరగదు. ఎన్‌ఎస్‌ఎం ఓఎస్‌సీ మీద నడుస్తుంది కాబట్టి దానికి ఈ మార్పు పట్టదు. కానీ తీగలకు పడుతుంది. జాక్‌లో సౌండ్ కార్డు పోర్టుల పేర్లు సిస్టమ్ అని మొదలవుతాయి. పైప్‌వైర్‌లో సాధారణంగా కార్డు పేరుతోనే మొదలవుతాయి. జాక్ కింద సేవ్ చేసిన సెషన్‌ను పైప్‌వైర్ కింద తెరిస్తే ప్రోగ్రాంలన్నీ వస్తాయి, వాటి మధ్య తీగలు కూడా వస్తాయి, చివరన స్పీకర్లకు వెళ్లే తీగ మాత్రం రాదు. ప్యాకేజీ పత్రాల్లో ఈ ఒక్క సంగతి రాసిపెడితే చాలామంది నిద్ర మిగులుతుంది. ఇంకో గందరగోళం: పైప్‌వైర్‌తో కలిసి నడిచే వైర్‌ప్లంబర్‌ను కూడా సెషన్ మేనేజర్ అనే పిలుస్తారు. అది చేసేది పరికరాల విధానం నిర్ణయించడం, పాటలు దాచడం కాదు. ఏపీటీలో వెతికేవారికి రెండూ పక్కపక్కన కనిపిస్తాయి కాబట్టి ప్యాకేజీ వివరణ మొదటి వరుసలోనే సంగీత ప్రాజెక్టులు సేవ్ చేసేదని రాయాలి.

చివరిగా ఫ్లాట్‌ప్యాక్, ఏ డిస్ట్రిబ్యూషన్‌లోనైనా నడిచేలా ప్రోగ్రాంలను విడి గూట్లో (శాండ్‌బాక్స్‌లో) పెట్టి ఇచ్చే పద్ధతి. ఆడియో ప్రోగ్రాంలు అక్కడ పెరుగుతున్నాయి, ఎల్‌వీ2 ప్లగిన్లను పంచుకోవడానికి ఒక ఉమ్మడి పొడిగింపు కూడా ఉంది. సెషన్ మేనేజర్‌కు మాత్రం ఇది ఇంకా సరిగా కుదరలేదు. ఎన్‌ఎస్‌ఎం ప్రకటనలో ప్రోగ్రాం తన ఎక్జిక్యూటబుల్ పేరు, తన ప్రాసెస్ సంఖ్య పంపుతుంది. డీమన్ తాను ప్రారంభించిన పేరుతో ఆ పేరును పోల్చి చూస్తుంది, అందులో దారి గీతలు ఉండకూడదు. గూటి లోపలి ప్రోగ్రాంను నడిపేది ఫ్లాట్‌ప్యాక్ కమాండ్, కనుక పేరు కలవదు. లోపలి ప్రాసెస్ సంఖ్య బయటి సంఖ్య ఒకటి కావు. ఓఎస్‌సీ యూడీపీ మీద వెళుతుంది కాబట్టి నెట్‌వర్క్ అనుమతీ కావాలి, సెషన్ ఫోల్డర్‌కు ఫైల్ అనుమతీ కావాలి. హోస్ట్‌లో అదే పేరుతో ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టి మొదటి చిక్కు దాటవచ్చు, మిగతావి అనుమతులతో సర్దవచ్చు, కానీ అంత పని చేసే వాడుకరికి ఇక ప్యాకేజీ ఎందుకు? ప్రస్తుతానికి డీమన్, దాని క్లయింట్లు రెండూ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలుగానే ఉండాలి. ఫ్లాట్‌ప్యాక్ ఒంటరిగా నడిచే డీఏడబ్ల్యూలకు సరిపోతుంది. హైడ్రోజన్ ఫ్లాట్‌ప్యాక్ నుంచి, ఆర్డోర్ డెబియన్ నుంచి తెచ్చుకుని ఒకే సెషన్‌లో పెట్టాలనుకునేవారికి నేను ఇచ్చే సలహా, రెండూ ఒకే చోటునుంచి తెచ్చుకోమని.